ముద్ద దిగని ఏడాది

ఈ కాగితాలు పట్టుకుని కూర్చునే ముందు రెండు గుక్కలు నీళ్లు తాగాను. దాహం వేసి కాదు, గొంతు తెరుచుకునే ఉందా అని చూసుకోవడానికి. నాలుగేళ్లయింది. ఇప్పుడు అన్నం తింటున్నాను, పిల్లకు పెడుతున్నాను, బడికి వెళ్లి పాఠాలు చెబుతున్నాను. అయినా ఏదైనా పెద్ద పనికి పూనుకునే ముందు ఈ రెండు గుక్కలు తాగితేగాని నాకు ధైర్యం చాలదు.

రాయమని ఎవరూ అడగలేదు. మొన్న మా బళ్లో కొత్తగా చేరిన టీచరమ్మ తన చెల్లెలి గురించి చెబుతూ, "దానికి పొగరండీ. ఇంటిల్లిపాదీ బతిమాలినా నోరు తెరవదు. రెండు తగిలిస్తే అదే తింటుంది" అంది. ఆ మాట వినేసరికి నా అరచేతులకు చెమట పట్టింది. ఆ పిల్లను నేను చూడలేదు. ఆమె బాధ నా బాధలాంటిదో కాదో కూడా తెలియదు. కాని పొగరు అన్న మాట మాత్రం నాకు బాగా తెలుసు. నన్నూ అన్నారు. అందుకని రాస్తున్నాను, కొంత ఆ పిల్ల కోసం, కొంత నా కోసం.

1975, ఎండలు ముదరక ముందు

అప్పుడు మేం గవర్నర్‌పేటలో ఒక మేడ కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. మా వారు ఆనందరావు రైల్వేలో గూడ్సు గార్డు. డ్యూటీకి వెళ్తే ఎప్పుడొస్తారో చెప్పలేం. మా అత్తయ్య మరియమ్మ గారు మాతోనే ఉండేవారు. నేను కంకిపాడు దగ్గర మా పుట్టింట్లో పురుడు పోసుకుని, పాపకు మూడో నెల రాగానే విజయవాడ వచ్చేశాను.

మా అత్తయ్యకు వండడం కంటే పెట్టడం ఇష్టం, పెట్టడం కంటే ఎదుటివాళ్లు తింటుంటే చూడడం ఇష్టం. "చాలు" అన్న మాట ఆవిడ చెవికి ఎక్కేది కాదు. పాలు బాగా పడతాయని నాకు తరచుగా పాలసొర చేప వండి పెట్టేవారు. ఆ రోజు బజార్లో సొర దొరకలేదని శీలావతి చేప తెచ్చి పులుసు పెట్టారు.

పాప ఏడుస్తోందని నేను తొందర తొందరగా తింటున్నాను. ముల్లు గొంతులో గుచ్చుకుంది. ఇది ఏ ఇంట్లోనైనా జరిగేదే. దానికి ఏ ఇంట్లోనైనా చేసే వైద్యమే అత్తయ్యా చేశారు. ఉత్త అన్నం పెద్ద ముద్ద కట్టి నా చేతిలో పెట్టి, "నమలకుండా మింగెయ్యమ్మా, ముల్లు అదే దిగిపోద్ది" అన్నారు. మింగాను. ముల్లు దిగలేదు. ముద్ద దాని మీద కూర్చుండిపోయింది.

ఊపిరి రాలేదు. అరుద్దామంటే గొంతులోంచి గాలే కదలడం లేదు. అత్తయ్య ముఖం కనిపిస్తోంది, ఆవిడ పెదవులు కదులుతున్నాయి, మాట వినపడడం లేదు. పాప ఏడుపు మాత్రం ఎక్కడో దూరం నుంచి వినిపిస్తోంది. పిల్ల ఏమైపోతుందన్న ఒక్క ఆలోచన తప్ప నాకు మరేమీ లేదు. ఆ రోజు మా వారు ఇంట్లో ఉండడం నా అదృష్టం. వచ్చి నన్ను ముందుకు వంచి వీపు మీద గట్టిగా చరిచారు. ముద్ద, ముల్లు, కాస్త నెత్తురు అన్నీ కలిసి బయటపడ్డాయి.

సాయంత్రానికి అందరం నవ్వుకున్నాం. "చేపకు నీమీద కోపం వచ్చిందే" అని మా వారు వేళాకోళం చేశారు. నేనూ నవ్వాను. అయిపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. ఇంకా నమిలాను. నీళ్లలా అయిపోయింది, అయినా మింగడానికి గొంతు ఒప్పుకోలేదు. ఎవరో లోపలి నుంచి తలుపు గడియ పెట్టినట్టు బిగుసుకుపోయింది. గుండె దడదడ కొట్టుకుంది. పెరట్లోకి వెళ్లి ఉమ్మేసి, నోరు కడుక్కుని, తిన్నట్టే వచ్చి కూర్చున్నాను.

వేసవి అంతా

కొన్నాళ్లు దాచాను. అన్నం కలిపి, నమిలి, చీర చెంగులో ఉమ్మి, పాపను చూసే వంకతో లేచిపోయేదాన్ని. మజ్జిగ దిగేది. పలచటి గంజి దిగేది, అందులో మెతుకు లేకుండా వడకడితేనే. ఒక్క మెతుకు నాలుక మీద తగిలినా ఒళ్లంతా ఉలిక్కిపడేది. ఆకలి లేక కాదు. అది అందరూ పొరబడే చోటు. పక్క వాటాలో పోపు వేస్తే నా నోట్లో నీళ్లూరేవి. కడుపు కాలిపోయేది. తినాలని ప్రాణం లాగుతుంటే, తింటే ప్రాణం పోతుందని భయం.

అత్తయ్య ఒకనాడు చీర చెంగు చూశారు. ఇక ఇల్లు ఇల్లు కాదు. "పాలిచ్చే తల్లివి, ఇట్లా అయితే ఎట్లాగమ్మా" అని ఏడ్చారు. నాకిష్టమైనవన్నీ వండారు. పప్పుచారు పెట్టారు, గుత్తి వంకాయ చేశారు, పాలకోవా చేశారు. నా కంచం పక్కనే కూర్చుని, నా నోరు చూస్తూ, "ఒక్క ముద్ద, నా తల్లే, ఒక్కటి" అనేవారు. ఆవిడ చూపు నా పెదవుల మీద పడగానే గొంతు ఇంకా మూసుకుపోయేది. ఆవిడకు ఆ సంగతి చెప్పలేకపోయాను. ప్రేమగా చూస్తున్న మనిషిని చూడొద్దని ఎట్లా అంటాం?

పక్కింటివాళ్లు మళ్లీ నీళ్లోసుకున్నానన్నారు. కాదన్నాక, గాలి సోకిందన్నారు. మా వాళ్లలో ఒకావిడ, "చదువుకున్న కోడలు కదా, మొగుడి చేత బతిమాలించుకుంటోంది" అని నాకు వినపడేట్టే అంది.

మా వారు మంచి మనిషి. కాని భయం మంచివాళ్ల చేత కూడా మోటు పనులు చేయిస్తుంది. ఒక మధ్యాహ్నం డ్యూటీకి బయలుదేరబోతూ, పెరుగన్నం మెత్తగా పిసికి ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టారు.

"నా కోసం. ఈ ఒక్కటి తిను, నేను నిశ్చింతగా బండెక్కుతాను" అన్నారు.

"వద్దండీ. నా వల్ల కాదు."

"పసిపిల్ల కాదు కదా కరుణా, నోరు తెరువు" అని గడ్డం పట్టుకున్నారు.

ముద్ద లోపలికి వచ్చింది. ఆ తర్వాత జరిగింది ఆయన యూనిఫారం మీదే జరిగింది. చొక్కా మార్చుకుని, తాను కూడా తినకుండా వెళ్లిపోయారు. ఆయన టిఫిన్ క్యారియరు బల్ల మీదే ఉండిపోయింది. ఆ రోజు అత్తయ్య, నేను ఇద్దరం వేరు వేరు గదుల్లో ఏడ్చాం.

తర్వాత నన్ను గొంతు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. ఆ వసారాలో బల్లల మీద ఎదురుచూడడం నాకిప్పటికీ గుర్తొస్తే చలి పుడుతుంది. ఎండలు మండిపోతుంటే చలి. నా పక్కన ఒక పెద్దాయన మెడకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు మాట రావడం లేదు. ఆయన కొడుకు ఎవరితోనో గుసగుసగా, "మొదట్లో ఆయనక్కూడా ముద్ద దిగడం లేదనే అనేవాడండి" అంటున్నాడు. నేను పాపను ఒళ్లో గట్టిగా పట్టుకున్నాను. నాదీ అదే జబ్బని అప్పుడే తేల్చేసుకున్నాను. పాపకు ఎవరు నలుగు పెడతారు, ఎవరు జడ వేస్తారు అని లెక్కలేసుకుంటున్నాను.

డాక్టరు నుదుటికి అద్దం కట్టుకుని లోపలికి చూశారు. "గొంతు శుభ్రంగా ఉంది. ఏ జబ్బూ లేదు" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆయన మా వారి వైపు తిరిగి, "గంజులూ గింజులూ మాన్పించండి. బాగా ఆకలేస్తే అదే దారికొస్తుంది" అన్నారు. నేను ఎదురుగానే ఉన్నాను. నా వయసు, నా చదువు, నా గొంతు అన్నీ అక్కడే ఉన్నాయి. ఆయన నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.

జబ్బు లేదంటే సంతోషించాలి కదా. లేదంటే మరి ఇదేమిటి అన్న భయం అంతకంటే పెద్దదయింది.

ఇంట్లో గంజి ఆపేశారు. మా వారు డాక్టరు చెప్పారని ఆపారు, కోపంతో కాదు. ఆ రోజుల్లోనే నాకు పాలు తగ్గిపోయాయి. పాప రొమ్ము పట్టుకుని లాగి లాగి, రాక, ముఖం ఎర్రగా చేసుకుని ఏడ్చేది. అత్తయ్య ఓర్చుకోలేకపోయారు. కొడుకు బయటికి వెళ్లగానే గ్లాసుతో గంజి తెచ్చి నా పక్కన పెట్టి, "నేను చూడలేదులే, తాగు" అని వంటింట్లోకి వెళ్లిపోయేవారు. ఆవిడ చూడకుండా వెళ్లిపోయినప్పుడు గంజి ఎంత సులువుగా దిగిందో అప్పుడు నేను గమనించలేదు. తర్వాత గుర్తుకొచ్చింది.

రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారపు ఆదివారం ఆ నెల వచ్చినప్పుడు చర్చిలో ఇంకో పరీక్ష. ప్రభువు బల్ల దగ్గర మోకరించాను. రొట్టె ముక్క గోరంత ఉంటుంది. అది కూడా దిగదని తెలుసు. ఉమ్మేస్తే పాపం. మింగలేకపోతే అందరి ముందూ దగ్గాలి. పాస్టరు గారు నా ముందుకు వచ్చారు. మా ఇంటి సంగతి ఆయన విని ఉంటారు. పళ్లెం నా ముందు ఆపలేదు. ద్రాక్షరసం గిన్నె మాత్రం నా చేతికిచ్చి, "ఇది చాలమ్మా" అని మెల్లగా అన్నారు. చాలు అన్న మాట ఆ వేసవిలో నాతో అన్నది ఆయన ఒక్కరే.

1975, వానలు పడ్డాక

పాప బరువు పెరగడం ఆగిపోయింది. పోత పాలు పడలేదు, విరేచనాలు. నా పెళ్లి గాజులు చేతి మీద నిలవక జారిపోతుంటే తీసి పెట్టెలో పెట్టాను. ఎమర్జెన్సీ వచ్చిన కొత్త, మా వారు సెలవడగడానికి భయపడ్డారు. అత్తయ్యా నేనూ పాపను తీసుకుని రిక్షాలో డాక్టర్ లీలావతి గారి దగ్గరకు వెళ్లాం. ఆవిడ ఆడవాళ్లకూ పిల్లలకూ చూసే డాక్టరు. మా పేటలోనే ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేది ఆవిడ ఆసుపత్రి.

ఆవిడ పాపను చూశారు, తూచారు, మందు రాశారు. కలం పక్కన పెట్టి నన్ను చూశారు.

"పాప సంగతి అయింది. మీరు ఇవాళ ఏం తీసుకున్నారు?"

"మజ్జిగ అండీ."

"నిన్న?"

అత్తయ్య అందుకుని మొత్తం చెప్పేశారు, శీలావతి దగ్గర నుంచి. చివరికి, "నేనే మింగమన్నానండీ ఆ ముద్ద. నా చేత్తోనే కట్టిచ్చాను" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ మనసులో ఈ మాట ఇంత బరువుగా ఉందని నాకు అప్పటివరకూ తెలియదు.

డాక్టరు గారు తొందరపడలేదు. బయట ఎంతో మంది ఉన్నారు. అయినా కుర్చీ నా దగ్గరకు జరుపుకుని, "మీరు తినలేని వాటి గురించి అందరూ అడిగుంటారు. భయం లేకుండా దిగేవి ఏవో చెప్పండి" అన్నారు.

ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేను ఆలోచించి చెప్పాను. మజ్జిగ, వడకట్టిన గంజి, కాఫీ. గోరువెచ్చగా ఉంటే మేలు. ఒంటరిగా ఉంటే మేలు. నిలబడి తాగితే ఇంకా మేలు, ఎందుకంటే ఊపిరాడకపోతే వీధిలోకి పరుగెత్తొచ్చు.

ఆవిడ నవ్వలేదు. "అయితే నిలబడే తాగండి" అన్నారు. "మీ గొంతుకు రోగం లేదు, నిజమే. కాని మీరు అబద్ధమాడడం లేదు. ఒకసారి ప్రాణం పోబోయింది. ఒళ్లు దాన్ని మర్చిపోలేదు, మిమ్మల్ని కాపాడుతున్నాననుకుంటోంది. దాన్ని కొట్టి దారికి తేలేం. మెల్లగా నమ్మించాలి. దిగేవాటినే కొంచెం కొంచెం చిక్కబరుద్దాం. ఎప్పుడు చిక్కబరచాలో మీరే చెప్పండి, నేను చెప్పను."

అత్తయ్య వైపు తిరిగి, "అమ్మా, మీరు నాకో సాయం చెయ్యాలి" అన్నారు. "వండండి, పెట్టండి. తినమని మాత్రం అనకండి. తింటుంటే చూడకండి."

అత్తయ్య నిజంగా బిత్తరపోయారు. "తినమనకుండా ఎట్లా ఉంటారండీ? అట్లా అయితే నేనెందుకు ఇంట్లో?"

"మీరు గంజి పెట్టి వెళ్లిపోయినప్పుడు తాగింది కదా. అది మీరు చేసిన వైద్యమే. దాన్నే కొనసాగించండి."

ఆ ముద్ద పెట్టిన పాపం ఆవిడ నెత్తి నుంచి కొంత దిగినట్టుంది. రిక్షాలో ఇంటికి వచ్చేదాకా పాపను గుండెకు హత్తుకునే కూర్చున్నారు.

ఆ తర్వాత నేను గంజి తాగేటప్పుడు అత్తయ్య చేట ముందు వేసుకుని, గోడ వైపు తిరిగి బియ్యం ఏరుతూ కూర్చునేవారు. ఏరిన బియ్యమే మళ్లీ ఏరేవారు. ఒక్కోసారి ఆవిడ మెడ ఇటు తిరగబోయి ఆగడం నాకు కనిపించేది.

గంజి రాగి జావ అయింది. జావ కొద్దిగా చిక్కబడింది. వెనక్కి జారిన రోజులూ ఉన్నాయి. ఒకసారి జావలో చిన్న ఉండ తగిలి మళ్లీ కొన్నాళ్లు మజ్జిగ మీదే ఉన్నాను. ఏడుస్తూ డాక్టరు గారికి చెబితే, "మజ్జిగ ఉంది కదా. అక్కడి నుంచి మొదలుపెడదాం" అన్నారు, అదేమీ పెద్ద విషయం కానట్టు.

ఆ ఆసుపత్రి వసారాలోనే నాకు రాజ్యలక్ష్మి గారు పరిచయమయ్యారు. బందరు వైపు చేపల వ్యాపారం చేసే కుటుంబం, బెజవాడలో ఉంటున్నారు. ఆవిడ భారీ మనిషి. బెంచీ మీద కూర్చుంటే మిగతావాళ్లు చూసి మోచేతులతో పొడుచుకునేవారు. ఆవిడ అది చూడనట్టు పాపకు చిటికెలు వేసేవారు. నేను వచ్చిన కారణం చెబితే, "అయ్యో, మా సరుకేనా మీ గొంతుకు అడ్డం పడింది?" అన్నారు. చాలా రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది.

కొంచెం చనువయ్యాక ఒకసారి తన సంగతి చెప్పారు. ఇంట్లో అందరి ముందూ ఆవిడ ఒక గరిటెడు అన్నమే పెట్టించుకుంటారు. ఉపవాసాలుంటారు. అందరూ పనుల మీద బయటికి వెళ్లాక సామాన్ల గదిలో తలుపేసుకుని, చేతికి దొరికినదల్లా, కడుపు నొప్పి పుట్టేదాకా తింటారు. "రుచి కూడా తెలియదమ్మా. ఆపుదామంటే చెయ్యి ఆగదు. తర్వాత చచ్చిపోదామనిపిస్తుంది" అన్నారు. ఎవరికో జరిగినట్టు చెప్పారు, కాని చేతిలో పైట చెంగు నలిగిపోతోంది.

డాక్టరు గారు ఆవిడకు ఉపవాసాలు మానమన్నారట. వేళకు, నలుగురితో కూర్చుని, కడుపు నిండా తినమన్నారట. ఇంట్లోవాళ్లను ఆవిడ ఒంటి గురించి మాట్లాడొద్దన్నారట. నాకు అనుమానం వచ్చింది. నాకేమో ఒంటరిగా తినమని, ఈవిడకేమో ఒంటరిగా తినొద్దని. ఉండబట్టలేక డాక్టరు గారినే అడిగాను.

"ఇద్దరికీ తిండి దగ్గరే కదండీ బాధ. మందు వేరేంటి?"

"ఇద్దరి కాళ్లకూ ఒకే చెప్పు పడుతుందా?" అన్నారు ఆవిడ. "మిమ్మల్ని నలుగురి చూపు బిగిస్తోంది. ఆవిడను ఒంటరితనం తరుముతోంది. రేపు మీకే ఇది మారొచ్చు. అప్పుడు మళ్లీ చూద్దాం."

దసరా వెళ్లాక

పాపకు తొమ్మిది నెలలు దాటాయి. నాకు పెరుగు దిగుతోంది, బాగా మగ్గిన అరటిపండు మెదిపితే దిగుతోంది. ముఖంలోకి కాస్త నెత్తురొచ్చిందని అందరూ అన్నారు. కాని ఈలోగా నేను ఇంకో పని చేస్తున్నాను. అది తప్పని నాకు తోచనే లేదు.

పాపకు ఒక్క మెతుకు పెట్టనిచ్చేదాన్ని కాదు.

పాప ఈడు పిల్లలు పప్పన్నం తింటున్నారు. మా పాపకు పాలు, పంచదార నీళ్లు. అత్తయ్య గిన్నెలో మెత్తగా అన్నం మెదిపి తీసుకొస్తే, గిన్నె లాక్కునేదాన్ని. ఒకసారి పక్కింటావిడ బిస్కెట్టు ముక్క చేతికిస్తే, పాప నోట్లో వేలు పెట్టి లాగేశాను. పాప బెదిరి గుక్క పట్టింది. తర్వాత నా చెయ్యి నోటి దగ్గరకు వస్తే చాలు, పెదవులు బిగించేది.

లీలావతి గారు పాపను తూచి, తూకం ముల్లు చూసి, నా వైపు తిరిగారు.

"అన్నం పెడుతున్నారా?"

"ఇంకా పళ్లు రాలేదండీ" అన్నాను. రెండు పళ్లు అప్పటికే వచ్చాయి. అత్తయ్య నేల చూశారు.

ఆవిడ పాపను ఎత్తుకుని కిటికీ దగ్గరకు తీసుకెళ్లారు. నెత్తురు తక్కువగా ఉందని కింది కనురెప్ప లాగి నాకు చూపించారు. తెల్లగా ఉంది. "కరుణ గారూ, మీ విషయంలో ఎన్నాళ్లయినా ఆగుతాను. ఈ పిల్ల ఆగలేదు" అన్నారు. మందలింపు లేదు గొంతులో. అదే నన్ను భయపెట్టింది.

"ఉక్కిరిబిక్కిరైతే?" అన్నాను. ఆ మాట అనడానికే నాకు ఊపిరి చాలలేదు.

"దగ్గుతుంది. దగ్గు రావడం మంచిదే, దారి తెరిచి ఉందన్నమాట. ఇక్కడే పెడదాం. నేనుంటాను. రేపు మెత్తగా వండి తీసుకురండి. ఎవరు పెట్టాలో మీరే చెప్పండి. మీరు గదిలో ఉంటారా, బయట ఉంటారా, అదీ మీ ఇష్టమే."

మర్నాడు అత్తయ్య పెసరపప్పు, బియ్యం కలిపి గుజ్జుగా వండి, నెయ్యి వేసి, చిన్న గిన్నెలో సర్దారు. మా వారు ఆ రోజు ఇంట్లోనే ఉన్నారు, తానూ వచ్చారు. రిక్షా గతుకుల్లో పడినప్పుడల్లా గిన్నె మీద మూత టకటక కొట్టుకుంటోంది. వెనక్కి వెళ్లిపోదామని నేను ఎన్నిసార్లు అనబోయానో.

వసారాలో రాజ్యలక్ష్మి గారున్నారు. నా ముఖం చూసి విషయం అడిగి, నా పక్కకు జరిగి, నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. మా వంతు వచ్చేదాకా వదల్లేదు. "నేనిక్కడే ఉంటా. కేకేస్తే వస్తా" అన్నారు.

లోపల డాక్టరు గారు పాపను అత్తయ్య ఒళ్లో కూర్చోబెట్టారు. "ఎవరు పెడతారు?" అన్నారు.

అత్తయ్య అని చెబుదామనుకున్నాను. ఆవిడ వైపు చూశాను. ఆవిడ ముఖం పాలిపోయింది. ఆ ముద్ద తర్వాత ఇంకొకరి నోట్లో ముద్ద పెట్టడానికి ఆవిడా భయపడుతున్నారు. నేను ఒక్కదాన్నే భయపడుతున్నానని అన్నాళ్లూ అనుకున్నాను.

"నేను పెడతానండీ" అన్నాను.

నా వేలి కొస మీద ఇంత తీసుకున్నాను. పాప పెదవులు బిగించింది. డాక్టరు గారు, "తొందరేం లేదు. తానే రానివ్వండి" అన్నారు. వేలు అట్లాగే పట్టుకుని ఉండిపోయాను. పాప నా వేలిని చూసింది, నా ముఖం చూసింది, ముందుకు వంగి నాలుకతో తాకింది. తర్వాత చప్పరించింది.

ఇంకాస్త పెట్టాను. అప్పుడు దగ్గింది. ముఖం ఎర్రబడింది. మా వారు నా వెనక నిలబడి నా భుజాలు పట్టుకున్నారు. డాక్టరు గారు పాప వీపు మీద చెయ్యి ఆనించి, కొట్టకుండా, "దగ్గనివ్వండి, చూస్తూ ఉండండి" అన్నారు. పాప ఇంకోసారి దగ్గింది. మెతుకు గడ్డం మీదికి వచ్చి పడింది. పాప కాసేపు ఆశ్చర్యపోయినట్టు చూసి, అత్తయ్య కొంగు మీద చేత్తో తట్టి, మళ్లీ నోరు తెరిచింది.

పెట్టాను. మింగింది. అంత చిన్న గొంతు కదలడం నేను కళ్లారా చూశాను. అత్తయ్య కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు. మూత తీసిన గిన్నెలో నెయ్యి వాసన వస్తోంది. వేలికి అంటుకున్నది నేను చప్పరించాను. నాకు తెలియకుండానే. రెండు మెతుకులు ఉంటాయేమో. దిగాయి. అందరూ చూశారని నాకు తెలుసు. అందరూ పాపనే చూస్తున్నట్టు నటించారు. ఆ నటనకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

ఇప్పుడు, 1979

నయమైందా అని అడుగుతారు. ఏం చెప్పాలో తెలియదు. అన్నం తింటాను. చేప తినను. కదిలే బస్సులో ఏమీ నోట్లో వేసుకోను. మనసు బాగాలేని రోజుల్లో గొంతు మళ్లీ బిగుస్తుంది. అప్పుడు జావ కాచుకుని తాగుతాను. సిగ్గుపడను, కాని భయం మాత్రం వేస్తుంది, ఈసారి తెరుచుకోదేమోనని. ఇంతవరకూ ప్రతిసారీ తెరుచుకుంది.

రాజ్యలక్ష్మి గారు ఇప్పటికీ భారీ మనిషే. సామాన్ల గది పూర్తిగా మానలేదని తానే చెబుతారు. కాని ఇప్పుడు అట్లా జరిగిన మర్నాడు నా దగ్గరకు వస్తారు, ఇద్దరం కూర్చుని కాఫీ తాగుతాం. మునుపైతే ఆ మర్నాడు ఉపవాసం ఉండేవారు.

మీ ఇంట్లో ఇట్లాంటివాళ్లుంటే నేను చెప్పగలిగింది ఒక్కటే. నాకు పనికొచ్చింది వాళ్లకు పనికొస్తుందని అనుకోకండి. వాళ్లనే అడగండి.

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరం భోజనానికి కూర్చున్నాం. పాపకు నాలుగేళ్లు నిండాయి. అత్తయ్య వంకాయ కూర కలిపి ముద్ద పట్టుకుంటే, "నాకొద్దు" అని పెదవులు బిగించింది. గట్టిగా, అచ్చం అప్పటిలాగే. నా చెయ్యి కంచంలో ఆగిపోయింది. మా వారు నీళ్ల గ్లాసు ఎత్తబోయి ఎత్తలేదు.

అత్తయ్య చెయ్యి గాల్లోనే నిలిచింది. ఆవిడ మొహంలో ఆ పాత మాట కదలడం నాకు కనిపించింది, ఒక్క ముద్ద, నా తల్లే అన్న మాట. అది నోటిదాకా వచ్చింది. ఆవిడ ముద్దను మెల్లగా తన కంచంలోకి దించారు.

"సరేలేమ్మా. మరి ఏం కావాలో చెప్పు" అన్నారు.

పాప ఆలోచించింది. చాలాసేపు ఆలోచించినట్టు అనిపించింది నాకు.

"పెరుగు" అంది.

అత్తయ్య మోకాలి మీద చెయ్యి ఊని లేచి, పెరుగు తేవడానికి వంటింట్లోకి వెళ్లారు.